కుక్క చాక్లెట్ తినకముందే ఫ్రిజ్ మీద అతికించాల్సిన చీటీ

కుక్క చాక్లెట్ తినేసిందని ఫోన్ చేస్తే వెటర్నరీ డాక్టర్ ముందు దాని బరువే అడుగుతారు. ఆ టెన్షన్‌లో అదే గుర్తురాదు. అందుకే ఇవాళే కుక్కని ఎత్తుకుని బరువు మిషన్ ఎక్కండి, అందులోంచి మీ బరువు తీసేయండి. (లాబ్రడార్‌ని ఎత్తడం మన వల్ల కాదు, టీకాకి వెళ్లినప్పుడు తూయించండి.) ఆ అంకె, డాక్టర్ నంబరు ఒక చీటీ మీద రాసి ఫ్రిజ్‌కి అతికించండి.

కిందే ఈ లెక్క కూడా రాయండి: కుక్క బరువులో ప్రతి కిలోకి మిల్క్ చాక్లెట్ 10 గ్రాములు, డార్క్ అయితే 4, కోకో పౌడర్ అయితే 1 గ్రాము లోపే. దాదాపు అక్కడి నుంచే వాంతులు, విరేచనాలు, కుదురులేనితనం మొదలవుతాయి. అంటే 10 కిలోల కుక్కకి 40 గ్రాముల డార్క్ బార్ చాలు. చిరిగిన రేపర్ పారేయకుండా ఫోటో తీసి పంపండి, గ్రాములు దాని మీదే ఉంటాయి.

గుండె జబ్బున్న కుక్కకి, ఎండుద్రాక్ష లేదా జైలిటాల్ (చక్కెర బదులు వాడే తీపి పదార్థం) కలిసిన చాక్లెట్‌కి ఈ లెక్క పనికిరాదు. కొంచెం తిన్నా వెంటనే ఫోన్ చేయాలి. లక్షణాలు కనబడటానికి 6 నుంచి 12 గంటలు పట్టొచ్చు, హుషారుగానే ఉందిగా అని ఆగకండి. ఉప్పునీళ్లు పట్టి కక్కించడం మాత్రం అసలు వద్దు, ఆ ఉప్పే ప్రాణం మీదికి తెస్తుంది.