జీఎంటీలో గ్రిడ్ సరిగ్గా రాకపోతే: హైదరాబాద్ షీట్‌తో సమస్యలు, పరిష్కారాలు

ఉదాహరణలన్నీ సర్వే ఆఫ్ ఇండియా 56కె/7 టోపో షీట్ హద్దులతో ఇస్తున్నాం. చార్మినార్ ఉన్న షీట్ ఇదే: రేఖాంశం 78°15′ నుంచి 78°30′, అక్షాంశం 17°15′ నుంచి 17°30′. జీఎంటీ అంటే జెనరిక్ మ్యాపింగ్ టూల్స్, టెర్మినల్ కమాండ్లతో మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్. ఇక్కడ వాడేది జీఎంటీ 6, అందులో జీఎంటీ బిగిన్, జీఎంటీ ఎండ్ మధ్య కమాండ్లు రాసే మోడర్న్ మోడ్. ఆప్షన్ అక్షరాలు, కమాండ్ పేర్లు ఇక్కడ తెలుగులో రాశాం. టెర్మినల్‌లో వాటి ఇంగ్లిష్ రూపాలే కొట్టాలి. ఆప్షన్లలో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా ప్రాణం లాంటిది.

ఫ్రేమ్ వచ్చింది, లోపల ఒక్క గీతా లేదు

ముందు ఫ్రేమ్, గ్రిడ్ ఎలా ఉండాలో చెప్పే -బి ఆప్షన్ చూడండి. అందులో 'ఏ' అంటే లేబుళ్లు, 'ఎఫ్' అంటే అంచు మీది చిన్న గాట్లు, 'జి' అంటే గ్రిడ్ గీతలు. ఏ5ఎం అని మాత్రమే రాస్తే ఐదేసి నిమిషాలకు లేబుళ్లు పడతాయి కానీ గీతలు పడవు. పక్కనే జి5ఎం కూడా రాయాలి.

'జి' ఉన్నా గీతలు రాలేదంటే అంతరం చూడండి. జి1 అంటే ఒక డిగ్రీ. గీతలు 78, 79 డిగ్రీల దగ్గరే పడతాయి. మన షీట్ 78.25 నుంచి 78.5 వరకే కాబట్టి ఒక్కటీ లోపలికి రాదు. షీట్ వెడల్పు పావు డిగ్రీ అన్నది గుర్తుంచుకుని నిమిషాల్లో ఇవ్వండి.

ఆ రెండూ సరిగ్గానే ఉంటే గీతలు పడ్డాయి, వాటి మీద ఇంకేదో పడింది. జీఎంటీలో తర్వాత వచ్చిన లేయర్ ముందుదాన్ని కప్పేస్తుంది. బేస్‌మ్యాప్‌తో గ్రిడ్ గీసి, ఆ తర్వాత జీఆర్‌డీఇమేజ్‌తో ఉపగ్రహ చిత్రం వేస్తే గ్రిడ్ కిందికి పోతుంది. గ్రిడ్ గీసే బేస్‌మ్యాప్ లైన్‌ని స్క్రిప్ట్ చివర, జీఎంటీ ఎండ్‌కి సరిగ్గా ముందు పెట్టండి. చిత్రం ముదురుగా ఉంటే డిఫాల్ట్ సన్నని నల్ల గీత అసలు కనిపించదు. గ్రిడ్ గీత మందం, రంగు చెప్పే మ్యాప్_గ్రిడ్_పెన్_ప్రైమరీ సెట్టింగ్‌కి 0.5 పాయింట్, తెలుపు ఇవ్వండి.

గీతల బదులు చిన్న చిన్న ప్లస్ గుర్తులు

మ్యాప్_గ్రిడ్_క్రాస్_సైజ్_ప్రైమరీ విలువ సున్నా కాకపోతే ఇలాగే వస్తుంది. సున్నా చేస్తే పూర్తి గీతలు వస్తాయి. మీరేమీ మార్చకుండానే ఇలా వచ్చిందంటే పాత ప్రాజెక్టు తాలూకు సెట్టింగుల ఫైల్ జీఎంటీ.కాన్ఫ్ ఆ ఫోల్డర్‌లోనో హోమ్ ఫోల్డర్‌లోనో మిగిలి ఉంటుంది. అకారణంగా రంగులు, ఫాంట్లు మారినప్పుడూ మొదట వెతకాల్సింది దాన్నే.

పేజీ నిండా జల్లెడలా గీతలు

ఎం బదులు ఎస్ పడింది. ఎం నిమిషాలు, ఎస్ సెకన్లు. జి5ఎస్ అంటే మన షీట్‌లో ఒక్కో దిశకు 180 గళ్లు; 15 సెంటీమీటర్ల మ్యాప్‌లో గీతకూ గీతకూ మధ్య మిల్లీమీటరు కూడా ఉండదు.

గ్రిడ్ బాగుంది, ఊరు మాత్రం హైదరాబాద్ కాదు

మ్యాప్ హద్దులు చెప్పే -ఆర్ ఆప్షన్‌లో వరుస పడమర, తూర్పు, దక్షిణం, ఉత్తరం: 78.25/78.5/17.25/17.5. అక్షాంశం ముందు చెప్పే అలవాటుతో తిరగేసి రాస్తే సాఫ్ట్‌వేర్ అభ్యంతరం చెప్పదు, ఎందుకంటే 78 చెల్లుబాటయ్యే అక్షాంశమే. మీకు వచ్చేది ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ ద్వీపాల ముక్క.

0.1 అడిగితే 18′, 24′ అని పడుతున్నాయి

తప్పేమీ లేదు. 0.1 డిగ్రీ అంటే 6 నిమిషాలు, 78.3 అంటే 78°18′. దశాంశాలే కావాలంటే ఫార్మాట్_జియో_మ్యాప్ సెట్టింగ్‌కి పెద్ద డి ఇవ్వండి.

మ్యాప్ తపాలా బిళ్లంత వచ్చింది

ప్రొజెక్షన్, సైజు చెప్పే -జె ఆప్షన్ తర్వాత చిన్న ఎం పడింది. ఎం అంటే మెర్కేటర్ ప్రొజెక్షన్. పెద్ద ఎంతో 15సి ఇస్తే మొత్తం వెడల్పు 15 సెంటీమీటర్లు. చిన్న ఎంతో ఇస్తే డిగ్రీకి 15, అంటే పావు డిగ్రీ షీట్‌కి 3.75 సెంటీమీటర్లే.

కిలోమీటర్ గ్రిడ్ రావట్లేదు, వచ్చినా వాలుగా ఉంది

ఎక్కువ మంది చిక్కుకునేది ఇక్కడే. -జెయూ44క్యూ ఇస్తే ప్రొజెక్షన్ యూటీఎం (భూమిని జోన్లుగా విడగొట్టి మీటర్లలో కొలిచే పద్ధతి), జోన్ 44 అవుతుంది కానీ -బి గీసేది అక్షాంశ రేఖాంశాలనే. కిలోమీటర్ గళ్లు కావాలంటే ముందు ప్రొజెక్షన్ మార్చే జీడీఏఎల్‌వార్ప్ అనే కమాండ్‌తో రాస్టర్‌ని (చిత్రం ఫైల్‌ని) ఈపీఎస్‌జీ:32644కి, అంటే యూటీఎం జోన్ 44 ఉత్తరానికి ఉన్న కోడ్‌కి మార్చండి. ఆ ఫైల్ హద్దులను జీఎంటీ కమాండ్ జీఆర్‌డీఇన్ఫో నుంచి మీటర్లలో తీసుకుని -ఆర్‌కి ఇవ్వండి. ప్రొజెక్షన్‌గా -జె చిన్న ఎక్స్ 1:50000, గ్రిడ్‌గా జి1000 పెట్టండి. కాగితం మీద రెండేసి సెంటీమీటర్ల గళ్లు వస్తాయి. ఈ మ్యాప్ మీద వేసే ప్రతి లేయరూ అవే యూటీఎం మీటర్లలో ఉండాలి.

పాయింట్లను మార్చడానికి ప్రోజ్ అనే లైబ్రరీతో వచ్చే సీఎస్2సీఎస్ కమాండ్ వాడితే, ప్రోజ్ 6 నుంచి ఈపీఎస్‌జీ:4326కి (డబ్ల్యూజీఎస్84 అక్షాంశ రేఖాంశాల కోడ్) అక్షాంశమే ముందు ఇవ్వాలి, -ఆర్‌కి సరిగ్గా తలకిందులు. 17.385, 78.4867 ఇచ్చి చూడండి. ఈస్టింగ్ (తూర్పు దిశ మీటర్లు) సుమారు 2,33,000, నార్తింగ్ (ఉత్తర దిశ మీటర్లు) సుమారు 19,24,000 రావాలి. ఈస్టింగ్ 8,70,000 దాటిందంటే జోన్ 43 ఎంచుకున్నారు. రెండు జోన్ల హద్దు 78 డిగ్రీల రేఖాంశం. వికారాబాద్ దానికి పడమర, హైదరాబాద్ తూర్పు. రెండూ ఉన్న మ్యాప్‌కి ఒకే జోన్ పట్టుకోండి, 44 అయితే చాలు.

ఇక వాలు. జోన్ 44 మధ్య రేఖాంశం 81 డిగ్రీలు. మనం దానికి రెండున్నర డిగ్రీల పడమర ఉన్నాం కాబట్టి గ్రిడ్ ఉత్తరం నిజమైన ఉత్తరానికి సుమారు ముప్పావు డిగ్రీ పడమరకు తిరిగి ఉంటుంది. 1:50,000లో ఈ షీట్ ఎత్తు సుమారు 55 సెంటీమీటర్లు. కింద కలిసిన కిలోమీటర్ గీత, రేఖాంశ గీత పైకి వెళ్లేసరికి ఏడు మిల్లీమీటర్లు విడిపోతాయి. ఇది భూమి గుండ్రంగా ఉండటం వల్ల వచ్చే తేడా, దిద్దకండి. రాస్టర్‌ని తిప్పి గీతకు కలిపితే కొలతలన్నీ పాడవుతాయి.

గీతలు నిటారుగానే ఉన్నాయి, రోడ్లు మాత్రం పక్కకు జరిగాయి

పాత టోపో షీట్లు ఎవరెస్ట్ దీర్ఘగోళం, అంటే భూమి ఆకారానికి వేసిన ఒక పాత లెక్క మీద తయారయ్యాయి. జీపీఎస్ ఇచ్చేది డబ్ల్యూజీఎస్84 అనే వేరే లెక్క. షీట్ మూలల విలువలను నేరుగా డబ్ల్యూజీఎస్84గా ఇచ్చేస్తే హైదరాబాద్ దగ్గర వంద మీటర్లకు మించి తేడా వస్తుంది. జియోరెఫరెన్స్ చేసేటప్పుడే (స్కాన్ చేసిన షీట్‌కి అక్షాంశ రేఖాంశాలు జోడించేటప్పుడే) మూలం ఎవరెస్ట్ మీద ఆధారపడిన కల్యాణ్‌పూర్ 1975, అంటే ఈపీఎస్‌జీ:4146 అని చెప్పి, తర్వాత జీడీఏఎల్‌వార్ప్‌తో మార్చండి. వచ్చిన ఫలితాన్ని చార్మినార్ లాంటి కదలని కట్టడం మీద సరిచూడండి.

టైటిల్ తెలుగులో రాస్తే పిచ్చి అక్షరాలు

జీఎంటీ మ్యాప్‌ని పోస్ట్‌స్క్రిప్ట్ ఫాంట్లతో రాస్తుంది. వాటిలో తెలుగు లేదు, ఒత్తులు, గుణింతాలు కలిపే ఏర్పాటూ లేదు. ఎన్‌కోడింగ్ మార్చి ప్రయోజనం లేదు. టైటిల్ లేకుండా పీడీఎఫ్ తీసి, బొమ్మలు దిద్దే ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి తెలుగు అక్కడ రాయండి. పైన ఖాళీ ముందే వదిలిపెట్టుకుంటే ఫ్రేమ్ లేబుళ్ల మీద అక్షరాలు పడవు.