రౌటర్ అప్‌గ్రేడ్ చేస్తే లైన్ ఎందుకు పడిపోతోంది: సమస్య - పరిష్కారం

రెండు కోర్ రౌటర్లు ఉన్నాయి కదా, ఒకటి రీబూట్ అయితే రెండోది చూసుకుంటదిలే అని రాత్రి మొదలెడతారు, తీరా చూస్తే భీమవరం నుంచి ఆకివీడు దాకా కస్టమర్ల ఫోన్లు మోగిపోతా ఉంటాయి. ఇమేజ్ ఎక్కించడం, కాన్ఫిగ్ బ్యాకప్ తీయడం, ఫ్లాష్‌లో ఖాళీ చూసుకోవడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నానండి.

రీబూట్ కొట్టగానే అంతా పోయింది, బాక్స్ లేచేదాకా రాలేదు

రెండో బాక్స్, అంటే రెండో రౌటర్, ఎప్పుడూ ట్రాఫిక్ మోయలేదు, అంతే. ట్రంక్‌లో (చాలా నెట్‌వర్కులు కలిసి పోయే లింకు) ఏదో వీలాన్ (వాటిలో ఒక విడి నెట్‌వర్క్) వదిలేసి ఉంటారు, లేదా రెండు బాక్సులూ ఒకే యూపీఎస్ మీద ఉంటాయి, లేదా రెండు అప్‌లింకులూ (బయటి నెట్‌కి పోయే లైన్లు) చించినాడ వంతెన మీద ఒకే పైపులో పోతుంటాయి. "వీఆర్ఆర్‌పీలో బ్యాకప్ అని కనపడుతోంది కదండీ" అంటారు (వీఆర్ఆర్‌పీ అంటే ఒక రౌటర్ పోతే రెండోది గేట్‌వేగా నిలబడేలా చూసే ప్రోటోకాల్). బ్యాకప్ అని కనపడితే అవతలి బాక్స్ హలోలు (నేనున్నాను అనే మెసేజీలు) దీనికి వినపడుతున్నాయని మాత్రమే అర్థం, మీ కస్టమర్ల ట్రాఫిక్ దీంట్లోంచి బయటికి పోద్దని కాదు.

రీబూట్‌కి ముందు మొదటి బాక్స్ వీఆర్ఆర్‌పీ ప్రయారిటీ తగ్గించి ట్రాఫిక్‌ని చేత్తో రెండోదాని మీదకి తొయ్యండి. ఒక పావుగంట కౌంటర్లు చూడండి. ఏదన్నా తేడా ఉంటే ప్రయారిటీ వెనక్కి పెట్టేస్తే సెకన్లలో సర్దుకుంటది, అదే రీబూట్ కొట్టేశాక తెలిస్తే బాక్స్ లేచేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఈ ఒక్క చెక్ చెయ్యమని ఎన్నిసార్లు చెప్పినా వదిలేస్తున్నారు, దయచేసి చెయ్యండి.

పోయేటప్పుడు బాగానే ఉంది, తిరిగి వచ్చేటప్పుడు పోయింది

అసలు దొంగ ఇదండి. నన్ను ఎక్కువ ఏడిపించింది కూడా ఇదే.

మొదటి రౌటర్ రీబూట్‌కి వెళ్ళింది, మూడు నాలుగు సెకన్లు పింగ్ పోయి రెండోదాని మీద వచ్చేసింది, హమ్మయ్య అనుకున్నారు. కాసేపటికి మొదటి బాక్స్ లేచింది, మానిటరింగ్‌లో పచ్చగా వెలిగింది, సరిగ్గా అప్పుడే నెట్ ఆగిపోయింది. నాలుగైదు నిమిషాలకి దానంతటదే వచ్చేసింది. దానంతటదే వచ్చేసింది కాబట్టి ఎవరూ కారణం వెతకరు, కన్వర్జెన్స్ (రూట్లు సర్దుకునే టైము) అని రాసేసి టికెట్ మూసేస్తారు, వచ్చే అప్‌గ్రేడ్‌కి మళ్ళీ ఇదే గోల.

గుర్తుపట్టడం తేలిక. కస్టమర్ వైపు ల్యాప్‌టాప్‌లో రెండు పింగులు పక్కపక్కన పెట్టండి, ఒకటి గేట్‌వేకి, ఒకటి బయట ఉన్న గూగుల్ 8.8.8.8కి. గేట్‌వే టకటకా జవాబిస్తా ఉండి, పక్క విండోలో టైమౌట్లు గానీ, ఆ గేట్‌వే నుంచే "డెస్టినేషన్ నెట్ అన్‌రీచబుల్" అని గానీ వస్తుంటే ఇంక వేరే వెతకక్కర్లేదు.

లోపల జరిగేది ఏంటంటే, వీఆర్ఆర్‌పీ హలో మామూలుగా సెకనుకొకటి. ఇంటర్‌ఫేస్ లేవగానే బాక్స్ "నా ప్రయారిటీ ఎక్కువ" అని కొన్ని సెకన్లలోనే మాస్టర్ కుర్చీ లాగేసుకుంటది, ఎందుకంటే ఇలా లాగేసుకునే ప్రీఎంప్ట్ అనేది వీఆర్ఆర్‌పీలో డిఫాల్ట్‌గా ఆన్. కానీ బీజీపీ (బయటి నెట్‌వర్కులతో రూట్లు మార్చుకునే ప్రోటోకాల్) అప్పటికింకా పక్కవాడితో సెషన్ కట్టుకుంటా ఉంటది, ఫుల్ టేబుల్ (ఇంటర్నెట్ రూట్లన్నీ) తీసుకునేవాళ్ళకైతే 10 లక్షల దగ్గర్లో రూట్లు నేర్చుకోవాలి, నేర్చుకున్నాక హార్డ్‌వేర్‌లోకి ఎక్కించాలి, దానికి నిమిషాలు పడతది. ఇంజన్ స్టార్ట్ అవకుండానే పంటు మీదకి బళ్ళన్నీ ఎక్కించేసినట్టు. అన్ని రూట్లూ ఉన్న రెండో బాక్స్ ఈలోపు ఖాళీగా కూర్చుంటది.

పరిష్కారం: నేనైతే అప్‌గ్రేడ్ రోజు ట్రాఫిక్‌ని రెండోదాని మీదకి తోసేశాక రెండు బాక్సుల్లోనూ ప్రీఎంప్ట్ తీసేస్తాను. లేచిన బాక్స్‌లో బీజీపీ రూట్ల లెక్క అప్‌గ్రేడ్‌కి ముందు రాసిపెట్టుకున్న లెక్కకి వచ్చాక, దాంట్లోంచి బయటికి పింగ్ పోయాక, అప్పుడు చేత్తో మారుస్తాను. ఎప్పటికీ ఉండాలంటే ప్రీఎంప్ట్ డిలే పెట్టండి, ఎవరో చెప్పిన అంకె కాదు, మీ బాక్స్‌కి రూట్లు ఎక్కడానికి పట్టే టైము కొలుచుకుని దానికి కొంచెం పైన. డిలే ఆప్షన్ లేని బాక్స్ అయితే ప్రీఎంప్ట్ ఆపేసే ఉంచండి.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. వర్చువల్ ఐపీ (రెండు బాక్సులూ కలిసి వాడే గేట్‌వే ఐపీ), ఇంటర్‌ఫేస్ అసలు ఐపీ ఒకటే పెట్టేస్తారు కొందరు. అప్పుడు ఆ బాక్స్ ప్రయారిటీ 255, ఓనర్ అన్నమాట, దానికి ప్రీఎంప్ట్ ఆఫ్ చేసినా వినదు, ప్రోటోకాల్ రూలే అంత. వర్చువల్ ఐపీ ఎప్పుడూ విడిగా ఉండాలి.

ఓఎస్‌పీఎఫ్ (మన నెట్‌వర్క్ లోపల రూట్లు పంచుకునే ప్రోటోకాల్) కూడా ఇలాగే చేస్తది, నైబర్ లేవగానే మిగతా బాక్సులు ట్రాఫిక్ తోసేస్తాయి. స్టార్టప్‌లో బీజీపీ రెడీ అయ్యేదాకా మ్యాక్స్ మెట్రిక్, అంటే 65535 (వేరే దారి ఉంటే ఇటు రావొద్దు అన్నట్టు) చెప్పేలా పెట్టండి. 2001లో ఆర్ఎఫ్‌సీ (ఇంటర్నెట్ పద్ధతులు రాసే పత్రం) 3137లోనే రాసిన పద్ధతి ఇది, అయినా నేను చూసే కాన్ఫిగ్‌లలో చాలావాటిలో కనపడదు.

నిమిషంన్నర పోయి వచ్చింది

మధ్యలో మీడియా కన్వర్టరో (ఫైబర్‌ని కాపర్ కేబుల్‌కి మార్చే డబ్బా) స్విచ్చో ఉండి లింక్ లైటు ఆరలేదు. ఎల్‌ఏసీపీ (కొన్ని లింకుల్ని ఒకటిగా కట్టే ప్రోటోకాల్) స్లోలో ఉంటే 90 సెకన్ల దాకా తెలియదు, ఫాస్ట్ అయితే 3. బీజీపీ హోల్డ్ టైమర్ (పక్కవాడి జవాబు కోసం ఆగే టైము) అయితే 90 నుంచి 180 దాకా. రీబూట్‌కి ముందే బీజీపీ నైబర్‌ని షట్ చేసి, ట్రాఫిక్ తగ్గాక పోర్టులు షట్ చేస్తే ఈ గొడవ లేదు.

పీపీపీఓఈ సెషన్లు (కస్టమర్ల లాగిన్లు) ఆ బాక్స్‌లోనే ఆగుతుంటే మాత్రం బాక్స్‌తో పాటే పోతాయి, వీఆర్ఆర్‌పీ వాటిని కాపాడదు. ఒక్కటే ఓఎల్‌టీ (కస్టమర్ల ఫైబర్లన్నీ వచ్చి కలిసే బాక్స్) ఉన్నచోటా అంతే, ఆపకుండా చేస్తామని మాటివ్వకండి, ముందే మెసేజ్ పెట్టండి. కొత్త వెర్షన్ పాత ఎస్‌ఎఫ్‌పీని (పోర్టులో పెట్టే ఫైబర్ మాడ్యూల్) గుర్తించకపోవడం, వెర్షన్‌లోనే బగ్ ఉండటం అరుదు, పాత ఇమేజ్ ఫ్లాష్‌లో ఉంచుకుంటే చాలు.

టైము గురించి కూడా చెప్పాలి. రాత్రి 2 నుంచి 5 ఖాళీ అనే లెక్క మన డెల్టాలో కుదరదండి. చేపల, రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లారగట్లే, ఏరియేటర్ ఆగితే అలారం వచ్చేదీ, రైతు ఫోన్‌లో కెమెరా చూసుకునేదీ అప్పుడే. ఆక్వా కస్టమర్లున్న రింగ్ (ఫైబర్ లైన్) అయితే మధ్యాహ్నం 2-3 గంటలకి, ఎండగా ఉన్న రోజు పెట్టుకోండి, ఆఫీసుల వాళ్ళకి ముందురోజే చెప్పేయండి.