ధ్యానానికి కూర్చోవడం ఎలా? పీట దగ్గర్నుంచి జపమాల దాకా

"కళ్లు మూసుకున్నానో లేదో, పాల బిల్లు దగ్గర్నుంచి పిల్లాడి ఫీజు దాకా అన్నీ గుర్తొస్తాయి. నాకు ధ్యానం కుదరదండీ." నాలుగు రోజులు చేసి మానేసినవాళ్లు చెప్పే మాట దాదాపు ఇదే. నేనూ చాలాకాలం ఇదే చెప్పాను. మనసు ఖాళీ అయితేనే ధ్యానం అనుకోవడంలో ఉంది చిక్కంతా. భగవద్గీత ఆరో అధ్యాయంలో అర్జునుడంతటివాడే మనసును నిలపడం గాలిని నిలిపినంత కష్టమని మొరపెట్టుకున్నాడు. కృష్ణుడు కాదనలేదు. అభ్యాసంతో, వైరాగ్యంతో లొంగుతుందన్నాడు. వైరాగ్యం మాట తర్వాత చూసుకుందాం, అభ్యాసం మాత్రం రేపు పొద్దున్నే మొదలుపెట్టొచ్చు.

ముందు వేళ. తెల్లవారుజామున లేవగలిగితే మంచిదే, లేవలేకపోతే దిగులు అక్కర్లేదు. రోజూ ఒకే వేళ కావడం ముఖ్యం. భోజనం చేసిన వెంటనే మాత్రం వద్దు, కునుకు తప్పదు. ఫోన్ పక్క గదిలో పెట్టండి. పొయ్యి మీద కుక్కర్ పెట్టి కూర్చోకండి, మీ ధ్యానమంతా మూడో విజిల్ మీదే ఉంటుంది. మొదటి వారం పది నిమిషాలు చాలు. ధ్యానం ఎవరి వయసెంతో అన్ని నిమిషాలు చేయాలని పిరమిడ్ ధ్యానం నేర్పిన సుభాష్ పత్రి చెప్పేవారు. యాభై ఏళ్లవాళ్లు మొదటిరోజే యాభై నిమిషాలు కూర్చుంటే రెండోరోజు పీట ముఖం చూడరు. మెల్లగా పెంచుకోండి.

తర్వాత ఆసనం. మరీ ఎత్తు కాకుండా, మరీ పల్లం కాకుండా ఉండాలని అదే ఆరో అధ్యాయంలో ఉంది. దానికి మన ఇంట్లో దారి ఉంది: పాత దుప్పటిని నాలుగు మడతలు వేసి పిరుదుల కింద పెట్టుకుని బాసింపట్టు వేయండి. తుంటి మోకాళ్లకన్నా కాస్త ఎత్తున ఉంటే నడుము దానంతటదే నిలబడుతుంది. చాలామంది నేల మీద చదునుగా కూర్చుని, పది నిమిషాలకే నడుము వంగిపోయి, తప్పు తమదే అనుకుంటారు. తప్పు కింద దుప్పటి లేకపోవడానిది. మోకాళ్ల నొప్పులుంటే కుర్చీలో కూర్చోండి, పాదాలు నేలకు ఆనితే చాలు. పద్మాసనం వేయకపోతే ధ్యానం కాదనేవాళ్ల మాట పట్టించుకోకండి.

ఇప్పుడు శ్వాస. మూడు నాలుగుసార్లు గాలిని కాస్త నిదానంగా వదలండి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కొంచెం తగ్గుతుంది, ఒళ్లు సద్దుమణుగుతుంది. ఆపైన శ్వాసను దాని దారిన వదిలేయండి. బిగపట్టడం, లాగడం వద్దు, అది ప్రాణాయామం పని. ముక్కుపుటాల దగ్గర గాలి లోపలికి చల్లగా, బయటికి కాస్త వెచ్చగా తగులుతుంటుంది. ధ్యాస అక్కడ పెట్టండి. తప్పిపోతుంటే ఒక్కో ఊపిరికి ఒక్కో అంకె, పది దాకా లెక్కపెట్టి మళ్లీ ఒకటి.

నాలుగో అంకెకే మనసు పక్కింటి గొడవలోకి వెళ్లిపోతుంది. ఎంతసేపటికో "అరె, ఎక్కడికెళ్లాను!" అని స్ఫురిస్తుంది. ఆ స్ఫురించిన క్షణం ఉందే, అదే అసలు పంట. తిట్టుకోకుండా మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టండి. పది నిమిషాల్లో ముప్పైసార్లు పారిపోతే ముప్పైసార్లు తిరిగొచ్చారు, అంటే ముప్పైసార్లు సాధన జరిగినట్టే.

ఈలోపు ముక్కు మీద దురద పుడుతుంది, పుట్టి తీరుతుంది. వెంటనే గోక్కోకండి. అది ఎక్కడ మొదలైంది, ఎలా పెరుగుతోంది, ఎప్పుడు తగ్గుతోంది అని చూస్తూ ఉండండి. చాలాసార్లు దానంతటదే పోతుంది. పోకపోతే గోక్కోండి, పాపమేం కాదు. ఒంట్లో కలిగేవాటిని ఉన్నవి ఉన్నట్టు గమనించే బౌద్ధ ధ్యానపద్ధతి విపశ్యన. అందులో సమత, అంటే దేనికీ చలించకుండా ఉండటం, ఇలాంటి చిన్నవాటి మీదే అలవడుతుంది. పీట మీద దురదను ఓ నిమిషం ఓర్చుకున్నవాడికి, ఆఫీసులో ఎవరో మాట విసిరినప్పుడు నోరు తెరిచే ముందు ఒక ఊపిరి వ్యవధి దొరుకుతుంది. నాకు మొదట కనిపించిన లాభం ఇదొక్కటే. కాంతులూ చక్రాలూ ఏమీ కనబడలేదు.

కాలికి తిమ్మిరెక్కితే నరం నొక్కుకుపోయిందని అర్థం. పట్టుదలకు పోకుండా కాలు మార్చుకోండి.

శ్వాస ఎంతకీ పట్టుబడనివాళ్లకు జపం ఉంది. నూట ఎనిమిది పూసల మాల తీసుకోండి. కుడిచేతి మధ్యవేలి మీద వేసుకుని, బొటనవేలితో ఒక్కో పూసా మీవైపు లాక్కోవాలి. చూపుడువేలు తగలనివ్వరు. మాల ముడి దగ్గర విడిగా ఉండే మేరుపూస రాగానే దాన్ని దాటకుండా మాల తిప్పి వెనక్కి రావాలి. పైకి వినబడేలా చేస్తే వాచికం, పెదవులు మాత్రమే కదిలితే ఉపాంశువు, లోలోపలే అయితే మానసికం. మానసికం గొప్పదంటారు గానీ, కొత్తవాళ్లకు వాచికమే నయం. మనసు జారిపోయినా గొంతు ఆగగానే తెలిసిపోతుంది. ఇష్టదైవం పేరు ఏదైనా సరే. గురువు ఉపదేశం లేనివాళ్లకు నామజపం చాలు, పుస్తకాల్లో చూసి హ్రీం, క్లీం లాంటి బీజాక్షరాల జోలికి వెళ్లొద్దు.

ఒక జాగ్రత్త. కూర్చున్నప్పుడల్లా భయం, గుండెదడ, పాత చేదు జ్ఞాపకాలు ముంచెత్తుతుంటే పంతానికి కొనసాగించకండి. ఆపి, డాక్టర్‌తో మాట్లాడండి. మానసిక చికిత్సకు మందులు వాడేవాళ్లు ధ్యానం మొదలైందని వాటిని సొంతంగా మానేయకూడదు.

రెండు మూడు నెలలు నిలకడగా సాగాక, ఇంకా లోతుకు వెళ్లాలనిపిస్తే పదిరోజుల విపశ్యన శిబిరం ఉంది. హైదరాబాద్ శివార్లలో నాగార్జునసాగర్ రోడ్డు మీదున్న ధమ్మఖేత్త కేంద్రం 1976 నాటిది. తెల్లవారుజామున 4 గంటలకు గంట కొడతారు, మాటలుండవు, ఫోన్ ఉండదు. మొదటి మూడు రోజులూ చేయించేది ఈ శ్వాసను గమనించడమే. రుసుము లేదు, పూర్తిచేసినవాళ్లు ఇచ్చే విరాళాలతోనే నడుస్తుంది. పీట అలవాటు లేకుండా నేరుగా అక్కడికి వెళ్తే మాత్రం మూడోరోజుకి మోకాళ్లు తప్ప మరేమీ గుర్తుండవు.