వానలు పడేలోపు ఇంటి పనులు మీరే చేసుకుంటున్నారా? మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి

రోహిణి కార్తె ఎండలు మండుతున్నప్పుడే చాలామందికి ఇంటి మీద దృష్టి పడుతుంది. పోయినేడు వానల్లో ఉరిసిన మూల గుర్తొస్తుంది, పిట్టగోడ మీద పగులు కనపడుతుంది, సంపు కడిగి ఎన్నాళ్లయిందో లెక్కేసుకుంటాం. మృగశిర వచ్చేలోపు, అంటే జూన్ మొదటి వారం దాటేలోపు, ఇవన్నీ అయిపోవాలి. మేస్త్రీని పిలిస్తే ఇవాళ రేపు అంటాడు, ఇంత చిన్న పనికి రాలేనంటాడు, దాంతో హార్డ్‌వేర్ షాపుకెళ్లి సామాను తెచ్చుకుని మనమే మొదలెడతాం. అందులో తప్పేం లేదు. గుంటూరులో మా ఇంటి చిన్నాచితకా పనులు పదేళ్లుగా నేనే చేసుకుంటున్నాను, మన చేత్తో బాగుచేసుకున్న ఇంట్లో పడుకుంటే వచ్చే తృప్తి వేరు.

ఏ పని మనం చేసుకోవచ్చు, ఏది వద్దు అన్నది చాలామంది పని ఎంత కష్టం అన్నదాన్ని బట్టి తేల్చుకుంటారు. నేను అలా చూడను. తప్పు జరిగితే పోయేదేమిటి అని చూస్తాను. గోడకి రంగు వేయడం చాలా కష్టం, రెక్కలు లాగేస్తాయి, కానీ తేడా వస్తే పోయేది ఒక డబ్బా రంగు. సెప్టిక్ ట్యాంకు మూత తీసి నిచ్చెన మీద నాలుగు మెట్లు దిగడం చూడటానికి చాలా తేలిక, అక్కడ తేడా వస్తే మాత్రం మనిషే ఉండడు. పని మొదలుపెట్టే ముందు రోజు రాత్రి ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే సగం టెన్షన్ అక్కడే తీరిపోతుంది.

కరెంటు సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే ఇందులో నాకే దెబ్బ తగిలింది. మూడేళ్ల కిందట మే నెలలో బెడ్‌రూమ్ ఫ్యాను రెగ్యులేటర్ పాడైతే కొత్తది కొనుక్కొచ్చాను. మెయిన్ ఆపాను, ఫ్రిజ్ చప్పుడు ఆగిపోయింది, ఇక కరెంటు లేదనుకుని బోర్డు స్క్రూలు విప్పి వైరు పట్టుకున్నాను. మోచేతి దాకా జివ్వుమని లాగింది, స్క్రూడ్రైవర్ ఎగిరి మంచం కింద పడింది. అప్పుడే హాల్లోంచి మా ఆవిడ "ఏవండీ, మెయిన్ ఆపానన్నారు, ఇక్కడ ఫ్యాను తిరుగుతూనే ఉందేంటి?" అని అడిగింది. ఇన్వర్టర్! మెయిన్ ఆపగానే ఫ్యాన్లకీ లైట్లకీ అది కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది, దాని పనే అది. నేను పొడి స్టూలు మీద, కాళ్లకి రబ్బరు చెప్పులతో ఉన్నాను కాబట్టి బతికిపోయాను.

అందుకే బోర్డు విప్పే ముందు మెయిన్‌తో పాటు ఇన్వర్టర్ కూడా ఆపండి. టెస్టర్‌ని మెయిన్ ఆపకముందే పనిచేసే ప్లగ్గులో పెట్టి వెలుగుతుందో లేదో చూసుకోండి, ఆ తర్వాత మెయిన్ ఆపి, మీరు విప్పబోయే చోట చూడండి. చెడిపోయిన టెస్టర్ కూడా కరెంటు లేనట్టే చూపిస్తుంది కదా. స్విచ్ ఆపితే చాలనుకోవద్దు, పాత ఇళ్లల్లో ఫేజు బదులు న్యూట్రల్‌ని స్విచ్చికి కలిపినవి బోలెడు, స్విచ్ ఆపినా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది. మెయిన్ మీద ఒక కాగితం అంటించి "పని జరుగుతోంది, వేయొద్దు" అని రాయండి, ఇంట్లో అందరికీ నోటితో కూడా చెప్పండి. ఫ్యాను ఆగిపోయిందని పిల్లలు వెళ్లి మెయిన్ వేసేస్తారు.

ఇంకో మాట. ఎమ్‌సీబీ ఉంది కదా, షాక్ కొడితే అదే పడిపోతుందని చాలామంది ధీమాగా ఉంటారు. పడదు. అది 16 ఆంపియర్లో, 32 ఆంపియర్లో దాటితే పడేది, వైర్లు కాలిపోకుండా చూడటం వరకే దాని బాధ్యత. మనిషి ప్రాణం తీయడానికి ఆంపియర్లు అక్కర్లేదు, కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లు చాలు. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ, ఇళ్లకి పెట్టేది 30 మిల్లీ ఆంపియర్లది, కరెంటు పక్కదారి పడితే కన్ను మూసి తెరిచేలోపు ఆపేస్తుంది. మీ మెయిన్ బోర్డులో అది లేకపోతే మిగతా పనులన్నీ పక్కన పెట్టి ముందు ఎలక్ట్రీషియన్‌తో అది పెట్టించండి. ఉంటే దాని మీద టీ అని రాసిన బటన్ నెలకోసారి నొక్కి చూడండి, ఠక్కున పడిపోవాలి. పడకపోతే అది అలంకారానికి ఉన్నట్టే, మార్పించండి. ఎండాకాలం ఎర్త్ గుంటలో మట్టి ఎండిపోతుంది, అప్పుడప్పుడు నాలుగు బిందెల నీళ్లు పోయడం మర్చిపోవద్దు.

మేడ మీద బట్టల దండెం ఒకసారి చూడండి. ఇనుప తీగతో కట్టి ఉంటే ఇవాళే విప్పేసి నైలాన్ తాడు కట్టండి. సర్వీసు వైరు పైతొడుగు ఎండకి పగిలి ఎక్కడో ఒకచోట ఆ తీగకి తగులుతుంది, ఎండాకాలమంతా ఎవరికీ తెలియదు, మొదటి వానకి తడి బట్ట ఆరేయబోయిన ఇల్లాలికి షాక్ కొడుతుంది, కాపాడబోయిన భర్తకీ కొడుతుంది. మన రెండు రాష్ట్రాల్లో వానాకాలం వచ్చిందంటే ఇలాంటి వార్త పేపర్లో చూడకుండా ఉండం. తాడు మార్చడానికి పావుగంట పట్టదు.

ఇప్పుడు స్లాబు. ఉరవడం ఆపడానికి అందరూ తెల్లటి వాటర్‌ప్రూఫ్ కోటింగు వేస్తారు, అది మనం వేసుకోగలిగిన పనే. నాచు, దుమ్ము వైరు బ్రష్షుతో గీకి కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. సన్నటి పగుళ్లని ఉలితో ఇంగ్లిష్ వీ ఆకారంలో కాస్త వెడల్పు చేసి క్రాక్ ఫిల్లర్ కూరాలి. పిట్టగోడ స్లాబుని కలిసే మూల, నీళ్లు పోయే పైపు నోరు, ఎక్కువ ఇళ్లు ఉరిసేది ఈ రెండు చోట్లే. ఒక కోటు నిలువుగా, అది ఆరాక రెండోది అడ్డంగా. కానీ మే నెల మధ్యాహ్నం స్లాబు మీద కాలు పెట్టలేం, అంత వేడి మీద కోటింగు వేస్తే పైన టక్కున ఆరిపోయి లోపల బుడగలు లేస్తుంది, వేసేవాడికి వడదెబ్బ. తెల్లారి ఆరింటికి మొదలెట్టి తొమ్మిదింటికల్లా దిగిపోండి, మిగిలింది మర్నాడు. పక్కన నీళ్ల సీసా, కొంచెం ఉప్పేసిన మజ్జిగ ఉంచుకోండి.

రోలర్ పట్టుకుని వెనక్కి నడుస్తూ వేస్తాం కదా, అదే ప్రమాదం. కళ్లు రోలర్ మీద ఉంటాయి, వీపు అంచు వైపు ఉంటుంది. మెట్లకి దూరంగా ఉన్న మూలలో, అంచు వైపు ముఖం పెట్టి మొదలుపెట్టి, మెట్ల వైపు వెనక్కి వస్తూ ముగించండి. అప్పుడు వెనక ఉండేది మెట్ల గది, అంచు కాదు. పిట్టగోడ లేని మేడ అయితే అంచు దగ్గర పని మీరు పెట్టుకోవద్దు, నడుముకి తాడు కట్టుకుని పనిచేసే అలవాటున్న వాళ్లతో చేయించండి. పాత పిట్టగోడ ఉన్నా దాని మీద ఆనుకోవద్దు, లోపల సున్నం పొడి అయిపోయి ఇటుకలు ఊరికే ఒకదాని మీద ఒకటి నిలబడి ఉంటాయి.

సాయంత్రాలు గాలివాన వచ్చే రోజులివి. ఉరుము వినపడితే కోటింగు డబ్బా మూత పెట్టి దిగిపోండి, చివరి ఉరుము వినపడ్డాక అరగంట దాకా మళ్లీ ఎక్కొద్దు. ఇంటి పక్కన 11 కేవీ లైను పోతుంటే మేడ మీదకి ఇనుప ఊచలు, అల్యూమినియం నిచ్చెన, పొడుగు పైపులు నిలబెట్టి తీసుకెళ్లొద్దు. ఆ వైరు మీద తొడుగు ఉండదు, తగలాల్సిన పని కూడా లేదు, బాగా దగ్గరకి వెళ్తే చాలు లాగేస్తుంది. అలాంటి చోట పని తప్పనిసరైతే కరెంటు ఆఫీసుకి చెప్పి లైను ఆపించాకే. 1912కి ఫోన్ చేస్తే ఫిర్యాదు తీసుకుంటారు.

కోటింగు వేసే ముందు గదిలోంచి పైకి చూడండి. పెచ్చులు ఊడి, తుప్పు పట్టిన ఊచలు కనపడుతుంటే అది కోటింగుతో పోయేది కాదు, పైన సిమెంటు పూస్తే జబ్బు దాచిపెట్టినట్టే. తుప్పు పట్టిన ఊచ ఉబ్బి స్లాబుని చీలుస్తూ పోతుంది. ఆ గదిలో మంచం జరిపి, ఇంజనీరుకి చూపించండి. అలాంటి స్లాబు మీద నీళ్లు నిలబెట్టి పరీక్ష చేయడం కూడా వద్దు. స్లాబు గట్టిగా ఉంటేనే పైపులు మూసి అంగుళం నీళ్లు 24 గంటలు నిలబెట్టి చూడొచ్చు.

నిచ్చెన గురించి ఒక లెక్క గుర్తుపెట్టుకోండి: 4 అడుగుల ఎత్తుకి 1 అడుగు దూరం. 12 అడుగుల ఎత్తు గోడకి ఆనిస్తే కింద కాళ్లు గోడకి 3 అడుగుల ఎడంగా ఉండాలి. టైల్స్ మీద అయితే కింద ఒక మనిషి పట్టుకోవాల్సిందే. కుర్చీ మీద స్టూలు వేసి ఎక్కడం గురించి వేరే చెప్పాలా, పెద్దవాళ్ల తుంటి ఎముకలు విరిగేది దాని మీంచే.

గోడకి రంధ్రం వేసేటప్పుడు స్విచ్ బోర్డుకి సరిగ్గా పైనా కిందా వేయొద్దు, వైర్ల పైపు ఆ నిలువు గీతలోనే పోతుంది. బాత్‌రూమ్‌లో కుళాయి పైనా అంతే. కాలమ్, బీమ్ జోలికి వెళ్లనే వద్దు, ఏసీ పైపు కోసం బీమ్ చెక్కేసిన వాళ్లని చూశాను, మనసు చివుక్కుమంది. పాత ఇళ్లల్లో 9 అంగుళాల గోడలే స్లాబుని మోస్తాయి, తలుపు పెట్టుకుందామని వాటిని మనంతట మనం కొట్టడం కుదరదు.

కటింగ్ గ్రైండర్ అంటే నాకు ఇప్పటికీ భయమే, ఆ భయం ఉండాలి కూడా. 4 అంగుళాల మిషను నిమిషానికి దాదాపు 11 వేల చుట్లు తిరుగుతుంది. అడ్డొస్తోందని గార్డు తీసేస్తారు, చెక్క కోయడానికి పళ్లున్న బ్లేడు బిగిస్తారు, ఈ రెండూ చేయకండి. ఆ పళ్లు చెక్కలో ఇరుక్కుంటే మిషను చేతిలోంచి మొహం మీదకి ఎగురుతుంది. లుంగీ, చున్నీ, వేలాడే చేతులున్న చొక్కా వేసుకుని ముట్టుకోవద్దు. చూపు కళ్లద్దాలు రక్షణ అద్దాలు కావు, పక్కలు కూడా మూసుకునేవి కొనండి. సిమెంటు, టైల్స్ కోసేటప్పుడు రుమాలు కట్టుకుంటే ఆగని సన్నటి దుమ్ము వస్తుంది, ఎన్95 మాస్కు పెట్టుకోండి.

పాత రంగు గీకేటప్పుడు కూడా మాస్కు కావాలి. రంగుల్లో సీసం పదిలక్షకి 90 భాగాలు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది, అంతకుముందు వేసిన ఎనామిల్ రంగుల్లో ఎంత ఉందో చెప్పలేం. కిటికీలు, తలుపులు పొడిగా రుద్దకుండా నీళ్లు చల్లుతూ రుద్దండి, గర్భిణులనీ చిన్నపిల్లలనీ ఆ రెండు రోజులు వేరే చోట ఉంచండి.

సిమెంటు రేకుల షెడ్డు మీద ఎక్కి పగుళ్లు పూడ్చాలనుకునేవాళ్లు రేకు మీద నేరుగా కాలు వేయొద్దు. చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, కాలు పెట్టాక అప్పడంలా విరుగుతుంది. కింద పైపు ఉన్న వరుస చూసుకుని, దాని మీద పొడవాటి పలక వేసి దాని మీదే కదలాలి.

ఇక ట్యాంకులు. పైన ప్లాస్టిక్ ట్యాంకు కడుక్కోవచ్చు. యాసిడ్ వాడిన చోట బ్లీచింగ్ పౌడర్ వేయొద్దు, రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది, మూసి ఉన్న బాత్‌రూమ్‌లోనో ట్యాంకులోనో అయితే ఊపిరి ఆడదు. సంపులో నీళ్లు తోడే మోటారు నడుస్తుండగా కాలు కూడా పెట్టొద్దు, స్విచ్ ఆపడం కాదు, ప్లగ్గు పీకేయాలి. చాలా రోజులు మూత వేసి ఉన్న సంపుని తెరిచి బాగా గాలి ఆడనివ్వాలి, పైన ఒక మనిషి లేకుండా దిగొద్దు. కొత్తగా కట్టిన సంపులో సెంట్రింగు చెక్కలు తీయడం అన్నిటికన్నా మోసం. తడిసిన చెక్క కుళ్లుతూ లోపల ఉన్న ఆక్సిజన్‌ని తినేస్తుంది, వాసన ఉండదు, దిగినవాడు కూలిపోతాడు, వాణ్ని లాగడానికి తమ్ముడు దిగుతాడు, తమ్ముడి కోసం ఇంకొకరు. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోయేది ఇలాగే. ఎవరైనా లోపల పడిపోతే దిగకండి, గొంతు చించుకుని అరవండి, 101కీ 108కీ ఫోన్ చేయండి, పైనుంచి తాడుతో లాగగలిగితే లాగండి.

సెప్టిక్ ట్యాంకులోకి మీరు దిగొద్దు, ఎవరినీ దింపొద్దు. రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని దింపడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం కూడా. అక్కడి హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది, కానీ మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసనే పట్టలేదు, వాసన పోయింది కదా అని దిగుతారు. దీపం దించి చూడటం అసలు వద్దు, మీథేన్ అంటుకుంటుంది. సెప్టిక్ ట్యాంకు బండిని పిలిస్తే పైపు వేసి పైనుంచే లాగేస్తారు.

పని రోజు పొద్దున్నే ఫోన్ చార్జింగ్ పెట్టుకోండి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు మేడ పనీ కరెంటు పనీ పెట్టుకోకండి. షాక్ తగిలిన మనిషిని చేత్తో పట్టుకోవద్దు, ముందు మెయిన్ ఆపాలి, అది అందకపోతే పొడి కర్రతో వైరు నెట్టాలి. ఇది ఇంటి కరెంటు వరకే, వీధి లైను అయితే దగ్గరకి కూడా వెళ్లకూడదు. ఊపిరి ఆడకపోతే 108 వచ్చేదాకా ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతు దిగేలా గట్టిగా నొక్కుతూనే ఉండాలి. ఇది ఇంట్లో ఇద్దరికైనా వచ్చి ఉండాలి. తుప్పు మేకు గుచ్చుకుంటే కట్టు కట్టి వదిలేయకుండా ధనుర్వాతం ఇంజెక్షన్ సంగతి డాక్టరుని అడగండి.

మొదటి పెద్ద వాన పడిన రాత్రి, కోటింగు ఎలా ఉందో చూద్దామని మేడ ఎక్కకండి, జారుడుగా ఉంటుంది, పిడుగులుంటాయి. గదిలోంచే టార్చి వేసి పోయినేడు ఉరిసిన చోట చూడండి. చెమ్మ కనపడితే దాని చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి పక్కన తేదీ రాయండి. రెండో వానకి చెమ్మ ఆ గీత దాటితే మేస్త్రీని పిలవండి, గీత చూపించండి, ఎక్కడ వెతకాలో అతనికే తెలిసిపోతుంది.