కూలీ వద్దు, కర్ర చాలు అన్నవాడికి చెట్టు అప్పగించకండి

మా టెక్కలి ఇంటి పెరట్లో ఒక వేపచెట్టు ఉంది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు చుట్టుపక్కల కొబ్బరి, జీడి, మామిడి అని చూడకుండా పడిపోయాయి గానీ ఇది నిలబడింది, రెండు కొమ్మలు విరిగాయంతే. కానీ ఆ రాత్రి విన్న హోరు మా అమ్మ చెవుల్లోంచి పోలేదు, దీన్ని కొట్టించెయ్ అని రోజూ పోరు పెట్టేది. సరిగ్గా అప్పుడే ఒకాయన వచ్చి, కూలీ ఏమీ వద్దండి, కర్ర నాకు వదిలేయండి, పైన కొట్టేస్తే ఇంక భయం ఉండదు అన్నాడు. ఎంత మంచివాడో అనుకున్నాం. సాయంత్రానికి చెట్టు కరెంటు స్తంభంలా మిగిలింది, ట్రాక్టర్ నిండా కర్ర అడితికి పోయింది.

మరుసటి ఏడాదికి ఆ మోడు చుట్టూ చీపురు కట్టలా కొత్త కొమ్మలు. మూడేళ్ళకు అవి చెయ్యంత మందమయ్యాయి, ఓ మామూలు వేసవి గాలికి అందులో ఒకటి ఊడొచ్చి రేకుల షెడ్డు మీద పడింది. ఊడిన చోట చూస్తే లోపలి చేవతో దానికి అతుకే లేదు, బెరడు కింద పైపైన పట్టుకుని ఉంది. తుఫానుకు నిలిచిన చెట్టును మేమే ప్రమాదంగా మార్చుకున్నాం అన్నమాట. కూలీగా కర్ర తీసుకునేవాడు ఎంత ఎక్కువ కొడితే అంత లాభం కదా, మరి తక్కువ కొట్టమని వాడికి ఎవరు చెప్తారు?

అందుకే మొదటి మాట, పనికి డబ్బు ఇవ్వండి, కర్ర మీరే ఉంచుకోండి లేదా విడిగా అమ్ముకోండి. ఏ కొమ్మ తీస్తాడు, ఎందుకు తీస్తాడు, కింద పడిన చెత్త ఎవరు ఎత్తాలి, గోడ విరిగితే ఎవరు కట్టాలి, ఇవన్నీ ఒక కాగితం మీద రాయించుకోండి. వాట్సాప్‌లో రాసుకున్నా చాలు. మనిషి పైనుంచి పడితే పరిస్థితి ఏమిటో కూడా ముందే అడగండి, మొహమాటపడొద్దు.

విదేశాల్లో ఈ పని చేసేవాళ్ళను ఆర్బరిస్ట్ అంటారు. 1924లో మొదలైన ఐఎస్ఏ (ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ఆర్బరికల్చర్) అనే అంతర్జాతీయ సంఘం పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తుంది, దాన్ని మూడేళ్ళకోసారి రెన్యూ చేసుకోవాలి, ఎవరైనా నాకు ఉంది అంటే వాళ్ళ వెబ్‌సైట్లో పేరు కొట్టి చూసుకోవచ్చు. మన శ్రీకాకుళం, విజయనగరంలో అలాంటి మనిషి వెంటనే దొరుకుతాడని ఆశ పెట్టుకోకండి. తెగులు సంగతైతే ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలోనో ఉద్యాన శాఖ వాళ్ళనో అడగొచ్చు. ఎక్కి కోసేవాణ్ణి మాత్రం మనమే పరీక్షించుకోవాలి.

ఎలా అంటే, వచ్చీ రాగానే రంపం తీశాడా, చెట్టు చుట్టూ తిరిగాడా చూడండి. తెలిసినవాడు ముందు మొదలు చూస్తాడు. నేల దగ్గర పుట్టగొడుగులు లేచాయా, తొర్ర ఉందా, చెట్టు వాలిన వైపుకు ఎదురుగా మట్టి పగిలి లేచిందా, రెండు పెద్ద కొమ్మలు కలిసే చోట బెరడు లోపలికి నొక్కుకుపోయిందా అని. రెండోసారి మేం పిలిచినాయన కత్తి వెనక వైపుతో కాండాన్ని టకటక కొట్టుకుంటూ చుట్టూ తిరిగాడు, ఒక చోట డొల్ల శబ్దం వస్తే సుద్దతో గీత పెట్టాడు. అప్పుడే నాకు సగం నమ్మకం కుదిరింది.

ఇంక ఒకే ఒక ప్రశ్న అడగండి, పెద్ద కొమ్మ ఎలా కోస్తావు అని. సరైన జవాబు మూడు కోతలు. మొదట కాండానికి ఒక అడుగు దూరంలో కింది నుంచి మూడో వంతు మందం వరకు, తర్వాత దానికి కొంచెం అవతల పై నుంచి, అప్పుడు కొమ్మ బెరడు చీల్చుకోకుండా పడుతుంది. మిగిలిన మొండిని మూడో కోతతో తీయాలి, అది కూడా కొమ్మ మొదట్లో ఉంగరంలా ఉబ్బి ఉంటుంది చూడండి, ఆ ఉబ్బుకు బయట. గాయాన్ని మూసుకునే శక్తి ఆ ఉబ్బులోనే ఉంది, నున్నగా ఉంటుందని గోడలా కోసేస్తే అది పోతుంది. పైన రంగు, తారు పూయడం దండగ. మామిడికి ఉద్యాన శాఖవాళ్ళు రాయమనే బోర్డో పేస్టు వేరే సంగతి, అది శిలీంద్రాల మందు.

ఒక్కసారిగా పచ్చి కొమ్మల్లో పావు వంతుకు మించి తీయనివ్వకండి. బూట్లకు ఇనుప ముళ్ళు కట్టుకుని ఎక్కుతానంటే, పూర్తిగా పడగొట్టే చెట్టుకైతే సరే, బతకాల్సిన చెట్టుకు ఆ ప్రతి గుచ్చూ ఒక గాయం. మోకు, నడుముకు బెల్టు, నెత్తిన హెల్మెట్, కింద జనాన్ని ఆపడానికి ఇంకో మనిషి, ఇవి లేకపోతే పంపించెయ్యండి. కొబ్బరికైతే అసలు తల జోలికే వెళ్ళొద్దు, ఉన్నది ఒక్క మొవ్వే, అది పోతే చెట్టు పోయినట్టే. ఎండిన మట్టలు, గెలలు తీయించుకుంటే చాలు.

కొమ్మలు కరెంటు తీగల దగ్గరుంటే ఎవరు చెప్పినా వినకండి. 1912కు ఫోన్ చేసి లైన్‌మన్‌ను పిలిచి, ఎల్‌సీ, అంటే ఆ లైనులో కరెంటు ఆపించి లైన్ క్లియర్ తీసుకున్నాకే చెయ్యి వెయ్యాలి. చెట్టు మొత్తం నరకాలంటే నీరు, భూమి, చెట్ల కోసం తెచ్చిన 2002 వాల్టా చట్టం ఉంది, ముందు గ్రామ సచివాలయంలోనో మున్సిపాలిటీలోనో అడిగి అనుమతి తీసుకోండి. రోడ్డు పక్కది మన ఇంటి ముందున్నా మనది కాదు.

ఎప్పుడు చేయించాలి అంటే, ఫైలిన్, హుద్‌హుద్, తిత్లీ తుఫాన్లు మూడూ అక్టోబర్ 11, 12 తేదీల్లోనే వచ్చాయి. దసరా ముందు హడావిడిగా పిలిస్తే అందరూ ఆ నాలుగు రోజుల్లోనే పిలుస్తారు, అడిగినంత ఇవ్వాలి, దొరికినవాణ్ణి ఎక్కించాలి. మామిడికాయలు దిగిపోయాక, జూన్ చివరిలోనో జులైలోనో చేయించండి. పని మొదలయ్యే ముందు నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి పెట్టుకోండి, రెండేళ్ళ తర్వాత మళ్ళీ పిలిచినప్పుడు ఎక్కడ కోశాడో ఆయనకే గుర్తుండదు.