సెలవు రోజున పండక్కో ప్రార్థనకో వెళ్లే ముందు: ప్రభుత్వ ఉద్యోగుల జాగ్రత్తలు

పెంచలకోన బ్రహ్మోత్సవాలైనా, నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండగైనా, ఆదివారం చర్చి అయినా సెలవు రోజున వెళ్లండి. రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చిన హక్కది.

- డ్యూటీ రోజైతే సెలవు మంజూరయ్యాకే కదలండి.
- చందా పుస్తకం మాత్రం పట్టుకోవద్దు. 1964 నాటి ప్రవర్తన నియమావళి ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా చందాలు వసూలు చేయకూడదు. గుడికే కదా అంటే కుదరదు. ఎమ్మార్వో ఆఫీసు గుమస్తా అడిగితే రైతు కాదనగలడా?
- ఫ్లెక్సీలో పేరు కింద హోదా వేయనివ్వకండి. ఆఫీసు జీపూ వద్దు.
- వేదిక మీద పార్టీ కండువాలు కనిపిస్తే ఎక్కకండి.
- పక్క మతాన్ని కించపరిచే వాట్సాప్ మెసేజ్ ఫార్వర్డ్ చేయొద్దు.
- మెమో వస్తే టెన్షన్ పడకుండా గడువులోగా రాతపూర్వకంగా జవాబిచ్చి, నకలు దాచుకోండి. కొన్ని మినహాయింపులు తప్ప, విచారణ లేకుండా డిస్మిస్ చేయడానికి 311వ అధికరణం ఒప్పుకోదు.