పాత మరబోటులో చుక్కాని పట్టేస్తే

చక్రం తిప్పడానికి ఇద్దరు కావలసి వస్తోందని సరంగు చెప్పగానే చుక్కానిని ఊడదీయించడానికి సిద్ధపడవద్దు. ముందుగా చుక్కాని షాఫ్టు తల మీద ఉన్న క్వాడ్రంట్ (గొలుసు లాగితే షాఫ్టును తిప్పే విల్లు ఆకారపు చట్రం) నుంచి గొలుసును, హైడ్రాలిక్ అయితే సిలిండరు పిన్నును విడదీసి, అత్యవసర టిల్లరు (షాఫ్టును నేరుగా తిప్పే పిడికర్ర) తగిలించి చేత్తో తిప్పి చూడాలి. బోటు రేవులో కట్టి ఉండగానే చేయగల ఈ చిన్న పరీక్షను వదిలేసి, నేరుగా స్లిప్‌వే (బోటును ఒడ్డుకు లాగే ఏటవాలు దారి) ఖర్చు నెత్తిన వేసుకునేవారే ఎక్కువ. టిల్లరుతో తేలికగా తిరిగిందంటే లోపం పైనే ఉంది: తుప్పు పట్టిన కప్పీయో, గొలుసులో బిగుసుకున్న లింకో, నలిగిన తీగతాడో అయి ఉంటుంది. వాటి సంగతి ఏ కలాసీకైనా తెలిసిందే.

టిల్లరుతోనూ బరువుగా ఉంటే, పంపు సిద్ధంగా ఉంచుకుని గ్లాండు (షాఫ్టు వెంట నీరు లోపలికి రాకుండా, చుట్టూ కూర్చిన తాడు లాంటి ప్యాకింగ్‌ను నొక్కి ఉంచే భాగం) నట్లను కాస్త వదులు చేసి మళ్లీ తిప్పాలి. నీరు కారినప్పుడల్లా గ్లాండును బిగించుకుంటూ పోతే, ఎండి గట్టిపడిన ప్యాకింగ్ షాఫ్టును బ్రేకులా పట్టేస్తుంది. అదే కారణమైతే పాత ప్యాకింగ్ మొత్తం తీసి, కొత్త చుట్లను ఏటవాలుగా కోసి, ఒకదాని అతుకు మీదికి మరొకటి రాకుండా కూర్చాలి. ఒక కోణంలో మాత్రమే పట్టేసి మిగతా చోట్ల వదులుగా తిరిగితే షాఫ్టు వంగిందని అర్థం. సరిచేయించడమో మార్చడమో తప్ప దారి లేదు.

ఇవేవీ కాక, ఎటు తిప్పినా ఒకే తీరుగా బిగువుగా ఉండి, అంతకు కొద్ది నెలల ముందే షాఫ్టు తిరిగే గొట్టం లాంటి బేరింగులు, అంటే బుష్‌లు మార్చిన బోటు అయితే, అనుమానం నైలాన్ బుష్ మీదికే వెళ్లాలి. గన్‌మెటల్ (కంచు రకం లోహం) కన్నా చవక అని నైలాన్ రాడ్డు తెచ్చి, లేతు మీద గన్‌మెటల్ కొలతకే తీయిస్తారు. మామూలు నైలాన్-6 పూర్తిగా నానేసరికి తన బరువులో దాదాపు 9 శాతం నీటిని పీల్చుకుని, కొలతల్లో 2 శాతానికి పైగా పెరుగుతుంది. బయట ఉక్కు ట్యూబు కదలనివ్వదు కనుక ఉబ్బంతా లోపలికే వస్తుంది. 12 మిల్లీమీటర్ల మందం ఉన్న గోడ ఒక్కో వైపు పావు మిల్లీమీటరు ఉబ్బినా, వ్యాసంలో అర మిల్లీమీటరు పోయినట్టే; మొదట వదిలిన సందు సాధారణంగా అంత కూడా ఉండదు. మందపు బుష్ నానడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది కాబట్టి, నీటిలోకి దించిన రోజు వేలితో తిరిగిన చుక్కాని సీజను మధ్యలో మొండికేస్తుంది. అప్పటికి బుష్ మార్చిన సంగతి ఎవరికీ గుర్తుండదు.

అసలు మోసం ఆ తర్వాత ఉంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సాగే వేట నిషేధంలో బోటు ఒడ్డెక్కుతుంది. ఎండలకు బుష్ ఆరి కుంచించుకుపోతుంది. మెకానిక్కు వచ్చేనాటికి చుక్కాని చక్కగా తిరుగుతుంది. ఆయన గొలుసుకు గ్రీజు రాసి, బిల్లు తీసుకుని వెళతాడు. వేట మొదలైన కొన్ని వారాలకు మళ్లీ అదే ఫిర్యాదు. అందువల్ల ఒడ్డుకు లాగిన రోజే, తడి ఆరకముందే, చుక్కానిని తిప్పి చూడాలి, ఆ రోజే ఊడదీసి బుష్ లోపలి వ్యాసం కొలవాలి.

షాఫ్టు కిందికే దిగుతుంది కనుక అడుగున గుంత తవ్వడమో, బోటును అంత ఎత్తున నిలపడమో ముందే జరగాలి. క్వాడ్రంట్ విప్పకముందే చుక్కాని బరువును చైన్ బ్లాక్ మీదికి తీసుకోవాలి. షాఫ్టు కదలకపోతే తల మీద సమ్మెటతో కొట్టవద్దు. తల పగిలి వెడల్పైతే అది బుష్‌లోంచి అసలే దిగదు. జాకీతో నెమ్మదిగా నెట్టాలి. చెక్క, ఫైబర్ పూత ఉన్న చోట గ్యాస్ మంట జోలికి పోకూడదు.

కొత్త బుష్‌ను గన్‌మెటల్‌తోనో, నీటిని అతి తక్కువగా పీల్చే గట్టి ప్లాస్టిక్ అయిన అసిటాల్‌తోనో చేయించడం మేలు. నైలానే వేయక తప్పకపోతే, ముక్కను వారాల తరబడి నీటిలో నానబెట్టిన తర్వాతే తుది కొలతకు తీయించాలి. షాఫ్టు స్టెయిన్‌లెస్ స్టీలు అయినా సరే, ప్యాకింగ్ కింద, బుష్ కింద తడిమి చూడాలి. కదలని ఉప్పునీటికి ఆక్సిజన్ అందని ఆ చోట్లనే గుంటలు పడతాయి. గోరు దిగేంత గుంట ఉంటే దాన్ని తిరిగి బిగించవద్దు.

గుల్లలు పట్టడం, వలతాడు ఇరుక్కోవడం, నేల తగిలి అడుగు బేరింగు పక్కకు జరగడం కూడా కారణాలే గానీ, అవి బోటు ఒడ్డెక్కగానే కంటికి కనిపిస్తాయి.